వెడల్పు చక్రాల మోజు: జీపుకు అందమా? ఆపదా?

పాడేరు (మా గ్రామీణ విలేఖరి): మన ఏజెన్సీలో బస్సు ఆగిపోయిన చోటు నుంచి జీపు మొదలవుతుంది. సంతకు పోవాలన్నా, పిల్లలు హాస్టలుకు చేరాలన్నా, పురుటి నొప్పులు పడే ఆడమనిషిని ఆసుపత్రికి దించాలన్నా జీపే గతి. అటువంటి జీపులకు ఇటీవల ఒక కొత్త మోజు పట్టుకున్నది. కంపెనీ ఇచ్చిన చక్రాలు తీసేసి, మడ్‌గార్డు దాటి బయటకు పొడుచుకువచ్చే వెడల్పు రిమ్ములు, లావుపాటి టైర్లు బిగిస్తున్నారు. వంజంగి కొండకు మబ్బులు చూడవచ్చే పట్నం వాళ్లు అటువంటి బండినే ముందు ఎక్కుతారని, చక్రం వెడల్పుగా ఉంటే బురదలో దిగబడదని, మలుపులో పల్టీ కొట్టదని జీపుల వాళ్లు చెబుతున్నారు.

ఇందులో నిజమెంత? ఏ మేరకు వెడల్పు పెంచవచ్చు? ఎక్కడ ఆగాలి? చట్టం ఏమంటున్నది? ఇది జీపు యజమానులకు మాత్రమే సంబంధించిన విషయం కాదు. వెనుక సీట్లో మోకాళ్లు ముడుచుకుని కూర్చునే ప్రతి ప్రయాణీకుడికీ సంబంధించినది.

దిగుడులో వణికిన చక్రం

ఈ విలేఖరి మేనత్త కొడుకు ఒకరు జీపు నడుపుకుని బతుకుతున్నారు. పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండి. నాలుగు నెలల క్రితం విశాఖలోని ఒక దుకాణంలో నాలుగు వెడల్పు రిమ్ములు, నాలుగు టైర్లు కలిపి 70 వేల రూపాయలకు కొన్నారు. సగం చేబదులు, సగం వాయిదాలు. ఆ దుకాణం వారు అడిగినది ఒక్కటే: బండికి స్టడ్లు ఎన్ని? అయిదు అన్నారు. రిమ్ము పెట్టి చూశారు. పట్టింది. బిగించి పంపేశారు.

మొన్న వర్షాల్లో ఆయన జి.మాడుగుల వైపు నుంచి తొమ్మిది మందితో పాడేరు వస్తున్నారు. అందులో నెలలు నిండిన ఒక గర్భిణి ఉన్నది. దిగుడులో స్టీరింగు చేతిలో వణకసాగింది. ఎడమ పక్క ముందు చక్రం నుంచి గరగరమని చప్పుడు. అదృష్టవశాత్తూ ఆయన బండిని కొండ వైపుకు తీసి ఆపారు. లోయ వైపు కాదు. దిగి చూస్తే హబ్బు మీద చెయ్యి పెట్టలేనంత వేడి. ఆ అమ్మాయిని వెనుక వచ్చిన మరో జీపులో ఎక్కించి పంపారు. చక్రం విప్పితే బయటి బేరింగు నీలం రంగు తిరిగి, దాని కింద ఇరుసు గీరుకుపోయి ఉన్నది.

“ఏటి చెప్పమంటావు బావా, నట్లు పట్టేసరికి సక్రం సరిపోయిందనుకున్నాను” అన్నారాయన.

ఈ ఒక్క మాటలోనే అసలు సంగతి అంతా ఉన్నది. నట్లు పట్టడం వేరు, చక్రం సరిపోవడం వేరు. పాత మహీంద్రా జీపులకు, మారుతీ జిప్సీకి, జిమ్నీకి స్టడ్ల అమరిక ఒకటే. అయిదు స్టడ్లు, 139.7 మి.మీ. వృత్తం మీద, అంటే అయిదున్నర అంగుళాలు. ఈ కొలత ఉన్న రిమ్ములు బజారులో కొల్లలు. కాని వాటి వెడల్పు వేరు, లోతు వేరు, నడిమి రంధ్రం వేరు. రిమ్ము బండి మీద కూర్చున్నంత మాత్రాన అది ఆ బండిది అయిపోదు.

వెడల్పు అంటే ఏది? ఆఫ్‌సెట్ అంటే ఏది?

రిమ్ము వెడల్పును అంగుళాలలో చెబుతారు. టైరు అంచులు రెండూ ఎక్కడ కూర్చుంటాయో ఆ రెండు చోట్ల మధ్య దూరమే వెడల్పు. బయటి పెదవి నుంచి బయటి పెదవికి కొలిస్తే అది సుమారు ఒక అంగుళం ఎక్కువ వస్తుంది. అందువల్ల టేపు పెట్టి 7 అంగుళాలు వచ్చిన రిమ్మును 7 అంగుళాల రిమ్ము అనుకోరాదు. అది 6 అంగుళాలదే.

రెండవది ఆఫ్‌సెట్. దీనిని చాలామంది పట్టించుకోరు. చెడ్డదంతా ఇక్కడే ఉన్నది. రిమ్మును నిలువుగా సరిగ్గా సగానికి కోశామనుకోండి. ఆ కోత నడిమి గీత. హబ్బుకు ఆనే పళ్లెం ఈ గీత మీదే ఉంటే ఆఫ్‌సెట్ సున్నా. పళ్లెం గీతకంటే బయటకు, అంటే రోడ్డు చూసే వైపుకు ఉంటే ప్లస్. అప్పుడు చక్రం బండి లోపలికి ఒదుగుతుంది. పళ్లెం గీతకంటే లోపలికి ఉంటే మైనస్. అప్పుడు చక్రం బయటకు పొడుచుకువస్తుంది. దీనిని మిల్లీమీటర్లలో చెబుతారు. చాలా రిమ్ముల మీద ఇ.టి. అనే అక్షరాల పక్కన ఈ అంకె ముద్రించి ఉంటుంది.

లెక్క చాలా సులువు. రిమ్ము వెడల్పులో సగం నుంచి ఆఫ్‌సెట్ తీసివేస్తే చక్రం హబ్బు నుంచి బయటకు ఎంత వచ్చిందో తెలుస్తుంది. సగానికి ఆఫ్‌సెట్ కలిపితే లోపలికి ఎంత పోయిందో తెలుస్తుంది. మైనస్ ఆఫ్‌సెట్ అయితే తీసివేత కూడిక అవుతుంది, కూడిక తీసివేత అవుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. పాత రిమ్ము 6 అంగుళాలు, ఆఫ్‌సెట్ ప్లస్ 20. ఆరు అంగుళాలంటే 152 మి.మీ. సగం 76. బయటకు 56, లోపలికి 96. ఇప్పుడు 8 అంగుళాల రిమ్ము, ఆఫ్‌సెట్ మైనస్ 10 బిగించారు. ఎనిమిది అంగుళాలంటే 203 మి.మీ. సగం సుమారు 102. బయటకు 112, లోపలికి 92. అంటే ఒక్కొక్క పక్క చక్రం 56 మి.మీ. బయటకు జరిగింది. రెండు అంగుళాల పైమాటే. లోపల కలిసివచ్చినది 4 మి.మీ. మాత్రం. మా వాళ్ల బండికి జరిగినది సరిగ్గా ఇదే.

అదే 7 అంగుళాల రిమ్ము, ఆఫ్‌సెట్ ప్లస్ 10 అయితే? ఏడు అంగుళాలు 178 మి.మీ. సగం 89. బయటకు 79, లోపలికి 99. అంటే బయటకు 23 మి.మీ., లోపలికి 3 మి.మీ. మాత్రమే పెరిగింది. రెండు రిమ్ములూ దుకాణంలో వెడల్పు రిమ్ములే. కాని బండికి కలిగే శ్రమలో చాలా తేడా.

బిందె చంకన, బిందె చేతిన

చక్రం బయటకు జరిగితే ఏమవుతుంది? నీళ్ల బిందెను చంకనెత్తుకుంటే అర మైలు నడవవచ్చు. అదే బిందెను చెయ్యి చాచి పట్టుకోమంటే అర నిమిషం పట్టలేము. బిందె బరువు పెరగలేదు. ఒంటికి దూరం జరిగింది, అంతే. బేరింగు సంగతీ ఇదే.

ఒక చక్రం మీద 500 కిలోల బరువు పడుతున్నదనుకుందాం. ఆఫ్‌సెట్ ప్లస్ 20 నుంచి మైనస్ 10కి మారితే ఆ బరువు పడే గీత 30 మి.మీ. బయటకు జరుగుతుంది. ఇది ఒక మీటరు పొడవు గునపం చివర 15 కిలోలు వేలాడదీసినంత అదనపు మెలి. బండి నిలబడి ఉన్నప్పటి మాట ఇది. గోతిలో పడినప్పుడు ఇంకా పెరుగుతుంది. పాత జీపుల హబ్బులో లోపల ఒక బేరింగు, బయట ఒక బేరింగు ఉంటాయి. బరువును ఆ రెండూ పంచుకుని మోసేటట్టు కంపెనీ వాళ్లు లెక్క కట్టారు. చక్రం బయటకు జరిగితే ఆ బరువు బయటి దాని నెత్తిన మరింత పడుతుంది. అది తెల్లవారేసరికి పోదు. నెలల మీద అరుగుతుంది. పోయే రోజున మాత్రం చెప్పి పోదు.

రెండవ దెబ్బ స్టీరింగుకు. చక్రం తిరిగే ఇరుసు గీత నేలను తాకే చోటుకూ, టైరు నడిమి భాగానికీ మధ్య దూరం పెరుగుతుంది. అందుచేత ఒక పక్క చక్రం రాయికి కొట్టుకుంటే స్టీరింగు చేతిలో విదిలించుకుంటుంది. బ్రేకు వేస్తే బండి ఒక పక్కకు లాగుతుంది. బాల్‌జాయింట్లు, టై రాడ్ ఎండ్లు త్వరగా వదులవుతాయి. ఘాటీ మలుపులో స్టీరింగు ఒక్క జాన విదిలించినా దాని ఫలితం ఏమిటో ఇక్కడి వారికి చెప్పనక్కరలేదు.

మూడవది, మడ్‌గార్డు దాటిన టైరు బురదను, రాళ్లను వెనుక వచ్చే మోటారు సైకిలు వాడి ముఖాన కొడుతుంది. ఇరుకు రోడ్డులో ఎదురు వచ్చే బండికి దారి ఇచ్చేటప్పుడు డ్రైవరుకు తన చక్రం ఎక్కడ ఉన్నదో అంచనా తప్పుతుంది. అద్దంలో బండి అంచు కనబడుతుంది గాని, దాన్ని దాటిపోయిన టైరు లెక్కలోకి రాదు.

లాభం లేదా?

లేదని అనడం అన్యాయం. రెండు చక్రాల మధ్య దూరం పెరిగితే పక్కవాటు మీద బండి కొంత నిలకడగా ఉంటుందన్న మాట నిజమే. ఆఫ్‌సెట్ 30 మి.మీ. తగ్గితే ఆ దూరం మొత్తం 60 మి.మీ. పెరుగుతుంది. ఇసుకలో, మెత్తని దుక్కిలో లావు టైరు తేలుతూ పోతుందన్నదీ నిజమే.

అయితే మన దారులు ఇసుక దారులు కావు. ఇక్కడ పైన జారుడు బురద, కింద గట్టి మొరం. ఇటువంటి చోట సన్న టైరు బురదను కోసుకుని గట్టి నేలను పట్టుకుంటుంది. లావు టైరు పైపైన జారుతుంది. సైన్యం ఏళ్ల తరబడి కొండల్లో నడిపిన మారుతీ జిప్సీ చక్రాలు సన్నవేనన్నది గమనార్హం. ఇక టాపు మీద బస్తాలు, వెనుక వేలాడుతూ మనుషులు ఉన్న బండికి 60 మి.మీ. వెడల్పు పల్టీ నుంచి రక్షణ కాదు. బరువు తగ్గించడమే రక్షణ.

టైరు కొలతలోనూ మోసపోతున్నారు

ప్రతి రిమ్ము వెడల్పుకూ తగిన టైరు ఉంటుంది. 215/75 ఆర్ 15 టైరుకు అయిదున్నర నుంచి 7 అంగుళాల రిమ్ము తగినది. 235/75 ఆర్ 15 టైరుకు 6 నుంచి 8 అంగుళాలు. ఖర్చు తగ్గుతుందని పాత 215 టైరునే 8 అంగుళాల రిమ్ముకు ఎక్కిస్తున్న వారు ఉన్నారు. అప్పుడు టైరు పక్క గోడ సాగి నిలబడుతుంది. రాయి కొట్టుకుంటే రిమ్ము పెదవి వంగుతుంది. గాలి తక్కువగా ఉంటే మలుపులో టైరు అంచు జారిపోయే ప్రమాదమున్నది.

టైరు పెద్దదైతే ఎత్తు కూడా మారుతుంది. 215/75 ఆర్ 15 టైరు ఎత్తు సుమారు 703 మి.మీ. 235/75 ఆర్ 15 ఎత్తు సుమారు 733. తేడా నూటికి నాలుగు పాళ్లు. దీనివల్ల బండి నేల నుంచి 15 మి.మీ. లేస్తుంది. అది లాభం. కాని స్పీడు మీటరు 60 చూపినప్పుడు బండి 62న్నర వేగంలో ఉంటుంది. ఎక్కుడులో లాగుడు అంత మేరకు తగ్గుతుంది. బ్రేకు పట్టు కూడా అంత మేరకు తగ్గుతుంది.

కంపెనీ వారు చక్రం మార్చినప్పుడు ఎంత జాగ్రత్త పడతారో చూడండి. 2020లో వచ్చిన కొత్త థార్ జీపును 245/75 ఆర్ 16 టైర్లతో ఒక రకం, 255/65 ఆర్ 18 టైర్లతో ఒక రకం విడుదల చేశారు. రిమ్ము ఎత్తు 2 అంగుళాలు పెరిగినా మొత్తం చక్రం ఎత్తులో తేడా 15 మి.మీ. మాత్రమే. మనం దుకాణంలో అయిదు నిమిషాలలో తేల్చే సంగతిని వారు అంత లెక్కతో చేశారన్న మాట.

ఫోర్ వీల్ డ్రైవ్ బండికి మరొక చిక్కు ఉన్నది. డబ్బు చాలక వెనుక రెండు చక్రాలు మాత్రమే మారుస్తున్నారు. ముందు చక్రాలు ఒక ఎత్తు, వెనుకవి ఒక ఎత్తు అయితే ఒక చుట్టుకు అవి నడిచే దూరం వేరు వేరుగా ఉంటుంది. ఫోర్ వీల్ గేరు వేయగానే ముందు ఇరుసు ఒక లెక్కన, వెనుక ఇరుసు ఒక లెక్కన లాగుతాయి. బురదలో అయితే టైరు జారి సర్దుకుంటుంది. గట్టి రోడ్డు మీద ఆ లాగుడు అంతా ట్రాన్స్‌ఫర్ కేసు మీద పడుతుంది. అది పోతే వచ్చే ఖర్చు ముందు చక్రాలకు మిగిల్చిన డబ్బుకంటే ఎక్కువ. కాబట్టి మార్చితే నాలుగూ మార్చాలి. స్టెప్నీ కూడా అదే కొలత ఉండాలి.

చట్టం ఏమంటున్నది?

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను ప్రకారం కంపెనీ పేర్కొన్న వివరాలకు, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలకు తేడా వచ్చేటట్టు బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీం కోర్టు ఈ విషయాన్నే గట్టిగా చెప్పింది. అదే సంవత్సరం చట్టానికి చేసిన సవరణలో 182-ఎ సెక్షనును మార్చారు. అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. ప్రమాదం జరిగినప్పుడు బండికి అనుమతి లేని మార్పులు ఉన్నాయని తేలితే భీమా కంపెనీతో తగవు తప్పదు.

ఇంత చట్టం ఉన్నా రిమ్ము అమ్మే దుకాణంలో ఇది ఎవరూ చెప్పడం లేదు. బ్రేకు ఇన్‌స్పెక్టరు బండి ఆపినప్పుడు లైసెన్సు చూస్తున్నారు, పర్మిట్టు చూస్తున్నారు. హబ్బు వైపు వంగి చూసే వారు తక్కువ. ఫిట్‌నెస్ పరీక్ష నాడు పాత చక్రాలు బిగించి తీసుకువెళ్లి, ఇంటికి వచ్చి మళ్లీ కొత్తవి బిగించే వారూ లేకపోలేదు. అధికారుల కన్ను కప్పవచ్చు. బేరింగు కన్ను కప్పడం సాధ్యం కాదు.

కొనేవారు చూసుకోవలసినవి

కిరాయి జీపు నడిపేవారు కంపెనీ కొలతకే కట్టుబడి ఉండడం మేలు. రిమ్ము వంగో, పగిలో మార్చక తప్పని వారు ఈ సంగతులు గుర్తుంచుకోవాలి.

పాత రిమ్ము ఆఫ్‌సెట్ తెలియకపోతే ఇంట్లోనే కొలవవచ్చు. టైరు విప్పిన రిమ్మును లోపలి వైపు పైకి ఉండేటట్టు పడుకోబెట్టి, పెదవుల మీద అడ్డంగా నిటారైన కర్ర పెట్టాలి. కర్ర నుంచి పళ్లెం వరకు లోతు కొలవాలి. ఆ లోతు నుంచి, పెదవితో కలిపిన మొత్తం వెడల్పులో సగం తీసివేస్తే వచ్చేదే ఆఫ్‌సెట్. లోతు 109 మి.మీ., మొత్తం వెడల్పు 178 మి.మీ. అయితే 109 నుంచి 89 తీసివేయగా ప్లస్ 20. ఈ అంకెను కాగితం మీద రాసుకుని మరీ దుకాణానికి వెళ్లాలి.

నడిమి రంధ్రం హబ్బుకు సరిగ్గా కూర్చోవాలి. నట్టు కూర్చునే చోటు ఏటవాలుగా ఉంటే ఏటవాలు నట్టు, గుండ్రంగా ఉంటే గుండ్రటి నట్టు వాడాలి. రిమ్ము పళ్లెం మందమైతే స్టడ్డు పొట్టిదైపోయి నట్టు రెండు మూడు చుట్లే పడుతుంది. అటువంటిది వద్దు.

హబ్బుకూ రిమ్ముకూ మధ్య బిళ్లలు పెట్టి చక్రాన్ని బయటకు నెట్టడం, రిమ్మును కోసి నడుమ పట్టీ వేసి వెల్డింగు చేయించడం అసలు కూడదు. వెల్డింగు వద్ద వచ్చే చీలిక పెయింటు కింద కనబడదు.

బిగించిన తరువాత స్టీరింగును రెండు వైపులా చివరి వరకు తిప్పి చూడాలి. ఒక ముందు చక్రాన్ని రాయి మీదకు ఎక్కించి, బండి నిండా బరువు పెట్టి మళ్లీ తిప్పాలి. టైరు ఎక్కడా తగలకుండా వేలెడు సందు ఉండాలి. బ్రేకు గొట్టాన్ని రాసుకుంటున్నదేమో తప్పక చూడాలి. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక నట్లు మరల బిగించాలి. ఆ తరువాత కూడా నెలకొకసారి చక్రాన్ని జాకీ మీద లేపి, పైనా కిందా పట్టుకుని ఊపి చూస్తే బేరింగు సంగతి తెలిసిపోతుంది. ఈ పనికి మెకానిక్ అక్కరలేదు.

ప్రయాణీకులకూ ఒక మాట. టైరు మడ్‌గార్డు దాటి బెత్తెడు బయటకు కనబడుతుంటే, దిగుడులో గరగర చప్పుడు వస్తుంటే, డ్రైవరును ఆపమని అడగడానికి మొహమాటపడవద్దు. ఛార్జీ ఇస్తున్నది మీరు. ప్రాణమూ మీదే.

రవాణా శాఖ వారు ఒక్క సంతరోజున జీపుల స్టాండు దగ్గర నిలబడి, జరిమానాకు ముందు ఈ లెక్కను డ్రైవర్లకు వివరిస్తే ఎంతో మేలు జరుగుతుంది. ఇక్కడి డ్రైవర్లు మొండివారు కారు. చెప్పేవారు లేక నష్టపోతున్నారు.

మా మేనత్త కొడుకు అటక మీద ఉన్న పాత రిమ్ములు దించి మళ్లీ బిగించుకున్నారు. కొత్త బేరింగు, ఇరుసు సానపట్టించడం, నాలుగు రోజుల కిరాయి పోవడం అదనపు నష్టం. ఆ వెడల్పు రిమ్ములు ఇప్పుడు వాళ్ల పశువుల సాలలో ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. వాటి మీద వాయిదాలు ఇంకా ఎనిమిది నెలలు కట్టాలి.